మావయ్య ‘ఒదులు’ అనేదాకా

మావయ్య పోయాడన్న కబురు నాకు టెక్కలిలో, బడికి బయల్దేరి స్కూటర్ స్టాండు తీస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది మా అత్త, ఆయన భార్య. “అమ్మీ, మీ మావ ఎలిపోనాడు. పొద్దున్న కాపీ అట్టుకెల్తే నెగనేదు,” అంది. వస్తున్నానని చెప్పి ఫోను లోపల పెట్టుకున్నాను. స్కూటర్ స్టార్టు చేసే ముందు నా కుడిచెయ్యి ముందు బ్రేకు నొక్కి చూసింది, ఎడంచెయ్యి వెనక బ్రేకు నొక్కి చూసింది. అంత కబురు విన్నాక కూడా ఆ పని ఆగలేదు. ఆ అలవాటు ఆయన పెట్టిందే. పలాస దాటేవరకూ నాకు కన్నీళ్ళు రాలేదు, భయమే వేసింది.

ఆయన మీకెవరికీ తెలియడు. పూండి దగ్గర, సముద్రం వైపున్న ఉద్దానం ఊళ్ళో కొబ్బరి, జీడితోటలున్న రైతు. మా అమ్మకి తమ్ముడు. నాన్న పోయాక అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చిపెట్టుకున్నాడు. తాతయ్య కొన్న పాత అంబాసిడర్ కారొకటి ఆయన వాటాకి వచ్చింది. వయసులో అది నాకంటే పెద్దది. తోట చూసుకుంటూ, ఊళ్ళో ఎవరికి అవసరం పడినా ఆ కారు తీసేవాడు.

మీరెప్పుడైనా పూండి రోడ్డు మీద మనిషి నడకతో పోతున్న తెల్లకారు వెనక ఇరుక్కుని విసుక్కుని ఉంటే, అది మా మావయ్యే అయ్యుంటుంది. ఊళ్ళో ఆయన్ని ‘బయ్యం డ్రైవరు’ అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. “సైకిలోడు కూడా నిన్ను దాటీసి పోతన్నాడు మావా,” అని కుర్రాళ్ళు నవ్వితే, “ఎల్లనీ. ముందేటుందో ఆడికి తెల్దు,” అనేవాడు తాపీగా. కోడిపిల్ల అడ్డమొచ్చినా ఆగేవాడు. అది దాటాక దాని తల్లి వస్తుందేమోనని ఇంకాసేపు ఆగేవాడు.

కానీ మావయ్య పుట్టు పిరికివాడు కాదు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి కిటికీ బయట పెట్టి, ఈల వేసుకుంటూ, కంచిలి నుంచి ఇంటిదాకా దుమ్ము రేపుకుంటూ వచ్చే మనిషి. అత్తని పెళ్ళయ్యాక ఆ కారులోనే తీసుకొచ్చాడట. ఇంటికి చేరేసరికి పెళ్ళికూతురి ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయిందని అమ్మ చెప్పి నవ్వేది. ఆయనకి భయం పుట్టిన రోజు నేను వెనక సీట్లో ఉన్నాను.

అప్పటికి అమ్మకి కిడ్నీ జబ్బు ముదిరిపోయింది. మా వైపు ఊళ్ళలో ఆ జబ్బు సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. చదవడం వేరు, ఆ ఊళ్ళో ఉండడం వేరు. ఎవరి కాళ్ళు కాస్త ఉబ్బినా పక్కవాళ్ళు చూసి చూడనట్టు తల తిప్పుకునేవాళ్ళు. రక్తపరీక్షల క్యాంపు వచ్చిందంటే మగాళ్ళు తోటల్లోకి జారుకునేవాళ్ళు. అమ్మకి వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పితే ఊపిరి ఆడదు. పడుకోబెడితే మునిగిపోతున్న మనిషిలా కొట్టుకునేది. నేను డిగ్రీ అయి ఇంట్లోనే ఉన్నాను కనుక ఆమె తల నా ఒళ్ళో, కారు మావయ్య చేతిలో. మా ఇద్దరికీ అప్పుడు అదొక్కటే బతుకు.

ఆ ఏడు ఎండాకాలం ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే దారిలో బ్రేకు మెత్తబడింది. దిగి చూస్తే బ్రేకు డబ్బాలో ఆయిలు కారిపోయి అడుగంటింది. చుట్టుపక్కల కొట్టు లేదు. అమ్మ సంచిలో ఇంట్లో ఆడించిన కొబ్బరినూనె సీసా ఉండేది. ఆ జబ్బుకి ఒళ్ళంతా దురద, దారి పొడుగునా చేతులకీ కాళ్ళకీ రాస్తూ ఉండాలి. మావయ్య కిటికీ దగ్గరికొచ్చి, “అప్పా, నీ నూని ఇలగియ్యి,” అన్నాడు. మా వైపు పెద్దక్కని అప్ప అంటాం. అమ్మ ఇచ్చింది. పోశాడు. బ్రేకు పట్టింది. ఇల్లు చేరాం.

అక్కడితో ఆగినా బాగుండేది. కారుతున్న చోట ఒక వాషరు మార్చి, నూనె మాత్రం అలాగే ఉంచేశాడు. తగ్గినప్పుడల్లా అదే పోశాడు. “కొబ్బరి మనది, బండి మనది, బయటోడి ఆయిలు మనకేల?” అని పూండి టీ కొట్టు దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. విన్నవాళ్ళంతా కొబ్బరి రైతులే కాబట్టి మెచ్చుకున్నారు. ఎండలు వెళ్ళాయి, వానలు వెళ్ళాయి. బ్రేకు బాగానే ఉంది.

పుష్యమాసం వచ్చింది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుందని ఉద్దానంలో పసిపిల్లకి కూడా తెలుసు. ప్రతి ఇంటి అరుగు మీదా ఎండలో నూనె సీసా పెట్టి ఉంటుంది. ఆ రోజు మంచులోనే బయల్దేరుతుంటే అత్త కిటికీలోంచి సీసా నా చేతికిచ్చి, “నూని పేరుకుపోనాది అమ్మీ. దారిలో ఎండ తగిల్తే కరుగుద్ది, అప్పుడు రాయి మీ అమ్మకి,” అంది. సీసాలో తెల్లగా, గట్టిగా ఉంది. మావయ్య కూడా చూశాడు. ఆ సీసా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. కారు కదిలింది.

మా ఊరి ఇసుకదారిలో బ్రేకు తొక్కే పని ఉండదు, కాలు తీస్తే బండి అదే ఆగుతుంది. తారురోడ్డు ఎక్కాక మావయ్య ఈల మొదలుపెట్టాడు. పూండి రైలుగేటు మంచులో కనబడలేదు, ముందు దాని ఎర్రదీపం కనబడింది. గేటు వేసి ఉంది. ఈల ఆగిపోయింది. ఆయన భుజం ముందుకి వంగడం, కాలు బలంగా తొక్కడం వెనకనుంచి చూశాను. కారు వేగం తగ్గలేదు.

“మావా, బ్రేకు,” అన్నాను.

“రాయిలాగుంది. దిగట్నేదు,” అన్నాడు. తర్వాత చాలా మెల్లగా, “అప్పని గట్టిగా అట్టుకో,” అన్నాడు.

రైలు కూత వినబడింది. అమ్మ నా ఒళ్ళో కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. నేను ఆమె మీద పడి కప్పేసుకున్నాను. గేరు అరిచింది, చేతిబ్రేకు లాగిన చప్పుడైంది, కారు ఒక పక్కకి ఒరిగి రోడ్డు దిగింది. మెత్తగా, దబ్బుమని ఆగింది. తల ఎత్తి చూస్తే అద్దం నిండా గడ్డి. కోతలయ్యాక ఎవరో పెట్టుకున్న వరిగడ్డి కుప్పలోకి దూరిపోయాం. రైలు మా పక్కనుంచి పోతూనే ఉంది. పెట్టెలు ఎప్పటికీ అయిపోవనిపించింది.

మావయ్య దిగలేదు. కాలు ఆ పనికిరాని బ్రేకు మీద అలాగే తొక్కి ఉంచాడు. మోకాలు వణుకుతోంది. “మావా, ఆగిపోయింది. కాలు తియ్యి,” అన్నాను.

“తీత్తే ఎల్లిపోద్ది అమ్మీ,” అన్నాడు.

రైలు వెళ్ళిపోయి, గేటు తీసి, జనం వచ్చి తలుపు లాగేదాకా కాలు తియ్యలేదు. ఆ తర్వాత ఆయన ఈల నేను మళ్ళీ వినలేదు.

ఆ రోజు అమ్మని ఎలాగోలా రైల్లోనే తీసుకెళ్ళాం. తిరుగు ప్రయాణంలో పెట్టెలో తోపులాటకి అమ్మ స్పృహ తప్పింది. ఇంకోసారి రైలెక్కిస్తే ఆమె మిగలదని మాకిద్దరికీ అర్థమైంది. అంటే మళ్ళీ వెళ్ళాల్సిన రోజుకి కారు తయారవ్వాలి. సామాను అప్పటికే తెచ్చాడు. ఆ రోజు ఆస్పత్రిలో అమ్మకి డయాలసిస్ జరుగుతున్నంతసేపూ మావయ్య విశాఖపట్నం పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి వచ్చాడు. అమ్మ మాత్రల సంచిలోనే ఆ సామానంతా పెట్టాడు. కొత్త మాస్టర్ సిలిండరు, చక్రాల దగ్గరుండే చిన్న సిలిండర్లు, రబ్బరు వాషర్లు, గొట్టాలు, బ్రేకు షూలు. అంత పాత బండికి ఇవన్నీ దొరకడమే అదృష్టమన్నాడు. మాత్ర కోసం చెయ్యి పెడితే ప్రతిసారీ రబ్బరు వాషరే చేతికొచ్చేది.

కాశీబుగ్గలో తెలిసిన మెకానిక్ ఉన్నాడు. “ఆయిలు మార్సి పంపేత్తాను బాబూ, దీనికింత గాబరా దేనికి?” అన్నాడట. మావయ్య అతని షెడ్డులో కూర్చుని, అడిగిందే అడిగి, ఏది ఎలా విప్పాలో నేర్చుకుని ఇంటికొచ్చేశాడు. తనే చేస్తానన్నాడు. అత్త తిట్టింది. “ఇంకోడు సేత్తే నాకు నిద్దరట్టదు. నాను సేత్తే కూడా పట్టదు. గానీ దేనికి పట్టట్నేదో తెలుత్తాది,” అన్నాడు.

గేటు దగ్గర్నుంచి లాగించి తెచ్చిన కారుని కొబ్బరిచెట్ల నీడలో దుంగల మీద ఎత్తి నిలబెట్టి చక్రాలు ఊడదీశాడు. పాత సిలిండరు విప్పితే లోపల తెల్లగా పేరుకున్న నూనె. వాషర్లు నానబెట్టిన బొబ్బర్లలా ఉబ్బి ఉన్నాయి. వాకిలంతా తలంటు రోజు వచ్చే వాసన. మావయ్య దాన్ని వేలితో తీసి చూసుకుని చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు, మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. పాత గొట్టం ఒక్కటి కూడా ఉంచలేదు. కడిగితే సరిపోతుందని మెకానిక్ చెప్పినవి కూడా పారేశాడు.

అన్నీ బిగించాక గాలి తియ్యాలి. ఇది తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బ్రేకు గొట్టాల్లో ఆయిలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. చిన్న గాలిబుడగ ఉన్నా తొక్కుడంతా ఆ బుడగ మింగేస్తుంది. అందుకే ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే, సన్నగొట్టంలోంచి గాలీ ఆయిలూ సీసాలోకి వస్తాయి. మర మళ్ళీ బిగించేదాకా తొక్కినకాలు తియ్యకూడదు. తీస్తే బయటిగాలి లోపలికి పోయి మొత్తం పని వృథా. తొక్కేది నేను. అమ్మ మంచం తెచ్చి పక్కనే వేశారు, అలా వెయ్యమని తనే అడిగింది.

మావయ్య కారు కిందికి దూరే ముందు నా ముఖంలోకి చూసి చెప్పాడు. “నాను ఒదులు అనేదాకా ఒదలకు. కాలు నొప్పెట్టినా ఒదలకు. నీవొదిల్తే గాలి పోద్ది. గాలి పోతే మీయమ్మ పోద్ది.”

అలా ఎవరైనా చెబుతారా? ఆ తర్వాత కింద నుంచి మూడు మాటలే వినబడ్డాయి. తొక్కు. పట్టు. ఒదులు. మళ్ళీ తొక్కు. ఒక్కో చక్రం దగ్గరికీ పాక్కుంటూ వెళ్ళాడు. నేను ముందు అద్దంలోంచి కొబ్బరిమట్టలు చూస్తూ తొక్కాను, పట్టాను, వదిలాను.

అమ్మ మంచం మీంచి సీసా వైపే చూస్తోంది. “ఒరే తమ్ముడా, నా గొట్టంలో కూడా బుడగ రాకూడదంట్రా. ఆ నర్సమ్మలు దానేపే సూత్తారు. నానూ అదే సూత్తాను,” అంది.

చివరి చక్రం దగ్గర, పట్టు అన్నాడు, పట్టాను. ఒదులు అన్న మాట రాలేదు. కాలి పిక్క బిగుసుకుపోయింది. మోకాలు వణకడం మొదలైంది. గడ్డికుప్పలో ఆయన మోకాలు గుర్తొచ్చింది. “మావా?” అన్నాను. జవాబు లేదు. ఏమైందో, కారు ఆయన మీదికి జారిందేమో. దిగి చూద్దామంటే కాలు తియ్యకూడదు.

అమ్మ మంచం మీంచి వంగి కారు కిందికి చూసింది. తిరిగి నా వైపు చూసింది. “ఆడు ఏడుత్తన్నాడు,” అంది. “ఒదలకే.”

నేను వదలలేదు. చాలాసేపటికి మర బిగిసిన చప్పుడైంది. ముక్కు ఎగబీల్చి, “ఒదులు,” అన్నాడు.

ఆ సాయంత్రమే ఊరి బయట రోడ్డు మీదికి తీశాడు. కొత్త సామాను వేసిన బండికి నిమ్మకాయ పెట్టాలని అత్త పళ్ళెంతో సహా వచ్చింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం అందరూ చేసేదే. మావయ్య ఆ కాయ తీసుకుని రోడ్డు మధ్యలో దూరంగా పెట్టి వచ్చాడు. “నలగ్గొట్టడం ఎవడైనా సేత్తాడు. దాని ముందు ఆగాల,” అన్నాడు. కారులో ఎవర్నీ ఎక్కనివ్వలేదు. వేగంగా వచ్చాడు. అంత వేగంగా ఆయన నడపడం అదే ఆఖరు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. కారు ముక్కు కిందికి వంచి కీచుమని ఆగింది. చక్రానికీ కాయకీ మధ్య నా చెయ్యి పట్టేంత ఎడం ఉంది.

నలగని ఆ కాయ అమ్మ చేతిలో పెట్టాడు. ఆస్పత్రికి వెళ్ళే దారిలో వాంతి వచ్చినట్టున్నప్పుడల్లా ఆమె అది వాసన చూసుకుంది. ఆ తర్వాత ప్రతి ప్రయాణానికీ అంతే. రోడ్డు మీద కాయ పెట్టడం, దాని ముందు ఆగడం, అది అమ్మకివ్వడం. ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్ళే తమ ఇంట్లో మనిషికి కాళ్ళు ఉబ్బినప్పుడు వేరే బండి పిలవలేదు, మావయ్య కోసమే వచ్చారు.

అమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు ఉంది. రోడ్డు మీద పోలేదు. ఇంట్లో, తన మంచం మీద, తమ్ముడి చెయ్యి పట్టుకుని పోయింది. ఆ ఒక్క సంగతికీ నేను బతికినన్నాళ్ళూ ఆయనకి రుణపడి ఉంటాను. ఈ మాట ఆయన ఉన్నప్పుడు అంటే, “ఊరుకోమ్మీ,” అని కసిరేవాడు.

ప్రతి పొద్దునా పళ్ళు తోముకోకముందే బానెట్టు ఎత్తి, బ్రేకు డబ్బా మూత తీసి ఆయిలు చూసుకునేవాడు. అదే మనిషి రక్తపరీక్ష మాత్రం చేయించుకోలేదు. నాకు టెక్కలిలో ఉద్యోగం వచ్చి వెళ్ళాక, వచ్చినప్పుడల్లా దెబ్బలాడేదాన్ని. “కారు ఆయిలు రోజూ చూస్తావు, నీ రక్తం ఒక్కసారి చూపించుకోలేవా?” అన్నాను ఒకసారి కోపంగా. ఆయన మూత బిగిస్తూ, “ఇది తగ్గితే ఆయిలు పోత్తాను. అది పాడైతే ఏటి పోత్తావే?” అన్నాడు.

అమ్మ ఉన్నంతకాలం ఎందుకు చూపించుకోలేదో మరోసారి చెప్పాడు. జబ్బుందని తెలిస్తే కాలు వణుకుతుందట, వణికే కాలుతో అప్పని తీసుకెళ్ళలేడట. అమ్మ పోయాక కూడా ఏదో ఒక సాకు. చివరికి ఆయన కాళ్ళే ఉబ్బాయి. అప్పుడు పరీక్ష చేయిస్తే, డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

ఈసారి కారు నడిపింది నేను. నేర్పింది ఆయనే. సెలవు పెట్టి విశాఖపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్ని. ముందు సీట్లో నా పక్కన కూర్చుని, ఎదురుగా ఏది కనబడినా కుడికాలు నేలకేసి తొక్కేవాడు. అక్కడ బ్రేకు లేదని ఆయనకి తెలుసు. ఇంటికొచ్చేసరికి ఆ కాలు నొప్పని అత్త చేత కాపడం పెట్టించుకునేవాడు.

పోయిన నెల నన్ను పిలిపించాడు. బ్రేకు షూలు అరిగాయట, వాషర్లు కూడా మార్చాలట. మనిషి సగమైపోయాడు, పానా తిప్పే బలం లేదు. మెకానిక్‌ని పిలుద్దామంటే వినలేదు. మనం తప్ప ఆ కారులో ఇంక ఎవరెక్కుతారని అడిగాను. “ఎవులెక్కుతారో తెల్దు. ఎవులెక్కినా ఆగాల కదేటి,” అన్నాడు. అత్త పానా పట్టుకుంటే ఆయన చెయ్యి పైన వేసి తిప్పాడు. మధ్యమధ్య మట్టిలోనే పడుకుని ఊపిరి తీసుకున్నాడు. నేను సీట్లో కూర్చున్నాను. తొక్కు. పట్టు. ఆ గొంతు ఎంత సన్నబడిందంటే, ‘ఒదులు’ వినబడక పోతుందేమోనని కిటికీలోంచి తల బయట పెట్టి విన్నాను.

ఆ కబురు విన్న పొద్దున నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. కారు గుమ్మానికి అడ్డంగా ఉంది. మా వాకిలి రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. “అమ్మీ, బండి కాస్త పక్కకి తియ్యి. పాడె ఎల్లదు,” అంది అత్త. దాని తాళం ఇంకెవరూ ముట్టుకోలేదు.

ఎక్కి కూర్చున్నాను. ముందు బ్రేకు తొక్కి చూశాను. గట్టిగా, నిండుగా పట్టింది. వెనక్కి తీసి గోడ వారగా ఆపాను. చేతిబ్రేకు వేశాను, కానీ దాన్ని నమ్మలేదు, కాలు అలాగే తొక్కి ఉంచాను. బానెట్టుకి అడుగు దూరంలోంచి పాడె దాటుతోంది. ఆయన ముఖం మీద ఎండ పడుతోంది. ఈ కారు ఇప్పుడు జారితే తిన్నగా ఆయన మీదికే వెళుతుంది. నాకు రైలుగేటు దగ్గర వేసినంత భయం వేసింది. రెండు కాళ్ళూ బ్రేకు మీదే పెట్టాను.

పాడె రోడ్డెక్కింది. మగాళ్ళంతా వెనక నడిచారు. డప్పు సముద్రం వైపు మలుపు తిరిగింది. వాకిలి ఖాళీ అయిపోయింది. అత్త కిటికీ దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఎలిపోనారు అమ్మీ. ఇంక కాలు తియ్యి.”

“ఒదులు అనలేదు కదత్తా,” అన్నాను.

ఆవిడ వంగి నా కాళ్ళ వైపు చూసింది. అటువైపు చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తీసి, ఈమధ్య మావయ్య కూర్చునే చోట కూర్చుని, తలుపు వేసుకుంది. డప్పు దూరమవుతోంది. ఇద్దరం ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. నా మోకాళ్ళు వణుకుతున్నాయి. బ్రేకు మాత్రం గట్టిగా పట్టే ఉంది.